విశాఖలో స్పెషల్ టీచర్ కావాలంటే: సీటు నుంచి మొదటి ఐఈపీ దాకా

స్పెషల్ బీఈడీ చేద్దామనుకుంటున్నాను అని ఎవరైనా నా దగ్గరికి వస్తే ముందు ఒకటే అడుగుతాను: వైకల్యం ఉన్న పిల్లలతో ఒక పూటైనా గడిపారా? చాలామంది గడిపి ఉండరు. మామూలు బీఈడీకి పోటీ ఎక్కువ, స్పెషల్ అయితే పోస్టులు పడుతున్నాయట అని విని వస్తారు. ఉద్యోగం కోసం రావడంలో తప్పేమీ లేదు. కానీ ఈ కోర్సు విలువ అంతా మీరు పిల్లల పక్కన ఎంతసేపు కూర్చున్నారన్న దాంట్లోనే ఉంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు, స్పెషలైజేషన్ పెట్టుకునేటప్పుడు, రికార్డులు రాసేటప్పుడు కూడా ఇదే కొలమానంగా పెట్టుకోండి. విశాఖ చుట్టుపక్కల ఉండి ఈ దారిలోకి రావాలనుకునే వాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను.

మొదటి అడుగు: దరఖాస్తు కన్నా ముందు పిల్లల దగ్గరికి

మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ పనిచేసే టీచర్లను ఐఈఆర్‌పీలు అంటారు. మీ మండల విద్యాశాఖాధికారిని కలిసి, ఈ కోర్సులో చేరాలనుకుంటున్నానని చెప్పి, కొన్ని పూటలు కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. ఫిజియోథెరపీ ఉన్న రోజు తప్పకుండా వెళ్లండి. ఆ రోజు తల్లులు ఎక్కువగా వస్తారు, వాళ్ల మాటలు వింటే సగం సిలబస్ అర్థమవుతుంది. నగరంలో లెబెన్‌షిల్ఫే, హిడెన్ స్ప్రౌట్స్ లాంటి స్వచ్ఛంద సంస్థల స్పెషల్ స్కూళ్లు కూడా ఉన్నాయి. ముందుగా అడిగి వెళ్లండి. ఫోన్ బ్యాగులోనే ఉంచండి, పిల్లల ఫొటోలు తీయవద్దు.

అక్కడ ఏం చూడాలి? తొమ్మిదేళ్ల బాబును టాయిలెట్‌కి తీసుకెళ్లి శుభ్రం చేయడం కూడా టీచరు పనిలో భాగమే. చొంగ కారుతుంటే తుడవాలి. మిక్సీ చప్పుడుకే చెవులు మూసుకుని ఏడ్చే పాప ఉంటుంది. కోపం వస్తే తన చెయ్యి తానే కొరుక్కునే బాబు ఉంటాడు. వారం పాటు నేర్పినది సెలవులు అయ్యాక మళ్లీ మొదటికి వస్తుంది. ఇవన్నీ చూశాక మీకు జాలి మాత్రమే కలిగితే ఇంకొన్నాళ్లు ఆగండి. "ఈ పాపకు స్పూను పట్టుకోవడం ఎందుకు రావట్లేదు, పిడి లావుగా చేస్తే వస్తుందా?" అన్న ఆలోచన వచ్చిందంటే మాత్రం వెంటనే చేరండి.

రెండో అడుగు: స్పెషలైజేషన్

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం 21 రకాల వైకల్యాలు గుర్తింపులో ఉన్నాయి. కోర్సులో మాత్రం మీరు ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకుంటారు: మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం, కొన్నిచోట్ల లెర్నింగ్ డిజెబిలిటీ, ఆటిజం, బహుళ వైకల్యాలు. మీ సర్టిఫికెట్ మీద, తర్వాత రిజిస్ట్రేషన్‌లో ఆ పేరే ఉంటుంది కాబట్టి "ఏది ఖాళీ ఉంటే అది" అని పెట్టకండి.

మేధో వైకల్యం, వాడుకలో ఇప్పటికీ ఎంఆర్ అంటారు, తీసుకుంటే రోజువారీ జీవన నైపుణ్యాలు, ప్రవర్తన, డబ్బు లెక్క, బస్సు ప్రయాణం లాంటివి నేర్పడం ఎక్కువ. ఫలితం నెమ్మదిగా వస్తుంది. భవిత కేంద్రాల్లో నేను ఎక్కువగా చూసేది ఈ పిల్లల్నే.

దృష్టి లోపం తీసుకుంటే బ్రెయిలీ చేతికి రావాలి. ఆరు చుక్కలే, కానీ తెలుగు భారతి బ్రెయిలీ, ఇంగ్లీష్ బ్రెయిలీ రెండూ కావాలి. పలక, స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చుతాం, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతాం. మొదట్లో తికమకగా ఉంటుంది, రోజూ సాధన చేస్తే తగ్గిపోతుంది. అబాకస్, లెక్కలు చేసే టేలర్ ఫ్రేమ్, కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవాలి. ఎన్‌వీడీఏ ఉచితం, కాబట్టి కోర్సులో చేరకముందే ఇంట్లో మొదలుపెట్టవచ్చు. మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి ఒక మెయిల్ పంపి చూడండి.

వినికిడి లోపం తీసుకునేవాళ్లకు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) చదవడం, హియరింగ్ ఎయిడ్ పనిచేస్తోందో లేదో చూడటం, సంజ్ఞా భాష రావాలి. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది, అందులో పదివేల పదాలు ఉన్నాయి. అయితే భాష వీడియోల్లో పూర్తిగా రాదు. బధిరులైన పెద్దవాళ్లతో స్నేహం చేయండి. వాళ్ల చేతులు, ముఖం, కనుబొమలు కలిసి వాక్యం ఎలా కడతాయో అప్పుడే తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. మామూలు బడిలోకి లేదా భవిత కేంద్రంలోకి వెళ్లాక మీ స్పెషలైజేషన్ పిల్లలు మాత్రమే మీ దగ్గరికి రారు. అందుకే ఇతర వైకల్యాల గురించి ఉండే పేపర్లను పాస్ మార్కుల కోసం చదివి వదిలేయకండి.

మూడో అడుగు: ఆర్‌సీఐ అనుమతి చూడందే ఫీజు కట్టవద్దు

మామూలు బీఈడీని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ చూస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ కిందికి వస్తాయి. 1992లో వచ్చిన ఆర్‌సీఐ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన చదువు, కేంద్ర పునరావాస రిజిస్టర్ (సీఆర్‌ఆర్)లో పేరు ఉంటేనే ఈ వృత్తి చేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చేయడం శిక్షార్హం కూడా.

ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. అందులో మూడు విషయాలు సరిచూసుకోండి. కాలేజీ పేరు, చిరునామా మీకు చెప్పినదేనా? కోర్సు పక్కన మీకు కావాల్సిన స్పెషలైజేషనే ఉందా? మీరు చేరే విద్యా సంవత్సరానికి అనుమతి నడుస్తోందా? ఒక సంస్థకు మేధో వైకల్యంలో అనుమతి ఉండి వినికిడి లోపంలో లేకపోవచ్చు. నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడాది లేకపోవచ్చు. "అంతా ఉందండీ, ముందు చేరిపోండి" అన్న మాట మీద ఆధారపడకండి. గత బ్యాచ్ వాళ్లను కలిసి "మీకు సీఆర్‌ఆర్ నంబర్ వచ్చిందా?" అని అడగండి. దానికి వచ్చే జవాబుతో చాలా సంగతులు తేలిపోతాయి.

విశాఖ వాళ్లకు ముందు గుర్తొచ్చేది 1926లో మొదలైన మన ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడైనా, దాని అనుబంధ కాలేజీల్లోనైనా పైన చెప్పిన మూడూ చూసుకునే అడుగు వేయండి. బయటికి వెళ్లగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984లో స్థాపించిన జాతీయ సంస్థ అది, మేధో వైకల్యంలో దానికి మించిన అనుభవం మన దగ్గర్లో లేదు. ఇంటర్‌తోనే ఈ రంగంలోకి రావాలనుకుంటే రెండేళ్ల డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంటుంది, ప్రాథమిక తరగతులకు అది సరిపోతుంది.

కాలేజీలో ఇంకొకటి కూడా అడగండి: "ప్రాక్టికల్స్‌కి ఎక్కడికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు?" మోడల్ స్కూలు ఆవరణలోనే ఉంటే మంచిది. "రికార్డు పెడితే చాలు" అనే చోట సీటు ఊరికే ఇచ్చినా నేనైతే చేరను.

నాలుగో అడుగు: ఎడ్‌సెట్

ఏపీ ఎడ్‌సెట్ ద్వారానే బీఈడీతో పాటు బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్‌లోనూ ప్రవేశాలు జరుగుతాయి. డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడ్ వర్గాలకు, దివ్యాంగులకు సడలింపు ఉంటుంది. పరీక్ష 150 మార్కులు, రెండు గంటలు. జనరల్ ఇంగ్లీష్ 25, జనరల్ నాలెడ్జ్ 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10, మిగతా 100 మీరు ఎంచుకున్న సబ్జెక్టు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్నా వదలొద్దు. ఇటీవలి ఏళ్లలో పరీక్ష జూన్‌లో జరుగుతోంది. దీనికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు, మీ డిగ్రీ సబ్జెక్టు బేసిక్స్ గట్టిగా ఉంటే చాలు.

స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్‌కు ముందే సిద్ధం చేసుకోండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో పాటు కోర్సు కోడ్ కూడా చూడండి. మామూలు బీఈడీకి, స్పెషల్ బీఈడీకి కోడ్‌లు వేరు.

ఐదో అడుగు: ఆ రెండేళ్లు

నాలుగు సెమిస్టర్లు. మామూలు బీఈడీలో ఉండే విద్యా మనస్తత్వం, మెథడాలజీ ఇక్కడా ఉంటాయి. వాటికి తోడు సమ్మిళిత విద్య, అన్ని రకాల వైకల్యాల పరిచయం, మీ స్పెషలైజేషన్‌లో గుర్తింపు, మదింపు, పాఠ్యాంశాల మార్పు, బోధన పద్ధతులు, సాంకేతికత, కుటుంబ సమస్యలు ఉంటాయి. థియరీ సంగతి మీరే చూసుకోగలరు. నేను ఎక్కువ చెప్పాల్సింది మదింపు గురించి, ఐఈపీ గురించి.

ఐఈపీ అంటే ఒక్కో పిల్లకూ విడిగా రాసుకునే విద్యా ప్రణాళిక. అది రాయాలంటే ముందు ఆ పిల్లకు ఏం వచ్చో తెలియాలి. మేధో వైకల్యంలో మీరు వాడే సాధనాల్లో ఒకటి మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్: 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున 360 అంశాలు. ఇంకొకటి ఎఫ్‌ఏసీపీ, అంటే ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ ఫర్ ప్రోగ్రామింగ్. ఇది ప్రీ ప్రైమరీ నుంచి ప్రీ వొకేషనల్ దాకా స్థాయిలుగా ఉంటుంది, ఒక స్థాయిలో 80 శాతం సాధిస్తే పై స్థాయికి పంపుతాం. ఈ ఫారాలను తల్లిని ఒకేసారి కూర్చోబెట్టి ప్రశ్నలు చదివి నింపేయకండి. పిల్ల తినేటప్పుడు, ఆడేటప్పుడు, చెప్పులు వేసుకునేటప్పుడు చూసి నింపండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదేళ్ల బాబు, అమ్మే తినిపిస్తోంది. కొత్త ట్రైనీలు ఐఈపీలో "స్వయంగా తినడం నేర్పాలి" అని రాస్తారు. అది కోరిక మాత్రమే, లక్ష్యం కాదు. ఇలా రాయండి: "మూడు నెలల్లో, కంచంలో కలిపి పెట్టిన పప్పన్నాన్ని, మాట సాయం మాత్రమే ఇస్తే, ఐదు ముద్దల్లో నాలుగింటిని కింద పడకుండా నోట్లో పెట్టుకుంటాడు." ఎంత కాలంలో, ఏ పరిస్థితిలో, ఎంత సాయంతో, ఎంత మేరకు అన్నవి నాలుగూ అందులో ఉన్నాయి. మూడు నెలల తర్వాత వచ్చిందో రాలేదో ఎవరు చూసినా చెప్పగలరు.

ఇప్పుడు పనిని ముక్కలు చేయాలి. కంచం ముందు కూర్చోవడం, చెయ్యి కడుక్కోవడం, వేళ్లు దగ్గరకు చేర్చడం, అన్నం కూడదీయడం, ముద్దగా నొక్కడం, ఎత్తడం, నోటి దాకా తీసుకెళ్లడం, వేలితో లోపలికి నెట్టడం, నమలడం, మింగడం. మనం ఆలోచించకుండా చేసేది ఇంత పని. నేర్పడం చివరి నుంచి మొదలుపెట్టండి. ముద్ద చేసి అతని వేళ్ల మధ్య పెట్టి, చెయ్యి పట్టుకుని నోటి దాకా తెచ్చి, ఆఖరి కొంచెం దూరం మాత్రం అతన్నే వెళ్లనివ్వండి. అన్నం నోట్లో పడిందంటే బహుమతి అదే, వేరే చాక్లెట్ అక్కర్లేదు. తర్వాత మణికట్టు దగ్గర పట్టుకోండి, ఆ తర్వాత మోచేయి, ఆ తర్వాత సైగ, చివరికి మాట. సాయాన్ని ఎలా ఇవ్వాలో అందరూ నేర్చుకుంటారు. ఎప్పుడు తగ్గించాలో తెలిసినవాళ్లే మంచి టీచర్లు. పప్పన్నం వచ్చాక పెరుగన్నం, ఆ తర్వాత ఇడ్లీ, దోశ. అన్నీ ఒకే నైపుణ్యం కావు.

చదువు దగ్గరికి వస్తే, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న పిల్లలకు తెలుగు అక్షరాల్లో వచ్చే చిక్కులు తెలుగులోనే గమనించాలి. ఇంగ్లీష్ పుస్తకాల్లో బీ, డీ తారుమారు గురించే ఉంటుంది. మన పిల్లలు ప, వ, మ, య దగ్గర తడబడతారు. ద, ధ, థ దగ్గర ఆగిపోతారు. గుణింతంలో గుడికీ గుడి దీర్ఘానికీ తేడా చూడలేరు. ఒత్తు అక్షరం కింద ఉంటుంది, పలకడం తర్వాత పలుకుతాం, అక్కడ వరుస తప్పుతుంది. కాబట్టి పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకండి. 'వ' గట్టిపడ్డాకే 'మ' తెండి. ఇసుక పళ్లెంలో వేలితో రాయించండి. తప్పు చేసిన పదాలన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటే, నెల తిరిగేసరికి ఆ పిల్ల తప్పుల తీరు మీకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకో విషయం మన ప్రాంతానికి ముఖ్యం. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చే పిల్లల ఇంటి భాష కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. తెలుగులో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదని ఆ పిల్లను వెనకబడిన పిల్లగా రాసేస్తే జీవితాంతం ఆ ముద్ర మోయాలి. ఇంటి భాష తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని, మాటలు అక్కర్లేని పనులు ఇచ్చి మదింపు చేయండి. భాష రాకపోవడం వైకల్యం కాదు. ఇది ప్రాక్టికల్ రికార్డులో మార్కులు తెచ్చే విషయం కాకపోవచ్చు, కానీ దీన్ని మించిన బాధ్యత మరొకటి లేదు.

రికార్డుల గురించి ఒక్క మాట. రెడీమేడ్ కేస్ స్టడీలు, టీఎల్‌ఎమ్‌లు (బోధనోపకరణాలు) డబ్బిస్తే దొరుకుతాయి. కొనకండి. మీ కేస్ స్టడీలో మీరు చూసిన పిల్లవాడికి బదులు సీనియర్ రికార్డులోని పిల్లవాడు ఉంటే, రెండేళ్లకు మీరు నేర్చుకున్నది ఏమీ ఉండదు. సీసా మూతలు, పాత కేలండర్లు, బట్టల క్లిప్పులతో మీరే చేయండి. ఏ పిల్ల కోసం చేశారో ఆ పిల్ల చేతిలో పెట్టి చూసి, అవసరమైతే మార్చండి.

తల్లిదండ్రులతో మాట్లాడటం

సిలబస్‌లో దీనికి ఒక పేపరు ఉంటుంది, కానీ మాట తీరు అక్కడ రాదు. తల్లిని "బాబుకి ఏమేం రావు?" అని అడిగితే, "ఏటి చెప్పమంటారు మేడమ్, ఏదీ రాదు" అంటుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, మీకు సమాచారమూ దొరకదు. "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి బాబు ఏం చేస్తాడో చెప్పండమ్మా" అని అడగండి. చెబుతూ చెబుతూ, టీవీ రిమోట్ తనే తెస్తాడనో, నాన్న బండి చప్పుడు గుర్తుపడతాడనో అంటుంది. అవే మీ మొదటి పాఠాలకు ఆధారం.

"బాగైపోతాడమ్మా, బెంగ పెట్టుకోకండి" అనకండి. "ఏమీ చేయలేం" అని కూడా అనకండి. మూడు నెలల్లో ఏం నేర్పబోతున్నారో అది చెప్పండి.

చాలా కుటుంబాలకు హక్కుల గురించి తెలియదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది. వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, రాష్ట్ర ప్రభుత్వ పింఛను, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా, పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం: ఇవన్నీ మీకు తెలిసి ఉండాలి. ఆరు నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కు 2016 చట్టమే ఇచ్చింది. "మీ వాణ్ణి ఇక్కడ చేర్చుకోం" అని వెనక్కి పంపిన తల్లికి ఈ సంగతి చెప్పేవాళ్లు మీరే కావాలి.

ఆరో అడుగు: పట్టా చేతికొచ్చాక

మొదట సీఆర్‌ఆర్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆర్‌సీఐ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రొవిజనల్, మార్కుల మెమోల్లో పేరు, తండ్రి పేరు ఆధార్‌తో సరిగ్గా కలుస్తున్నాయో చివరి సెమిస్టర్‌లోనే చూసుకుని సరిచేయించుకోండి, తర్వాత యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ప్రభుత్వ పోస్టులకు టెట్ రాయాలి. ప్రత్యేక విద్యకు పేపర్లు వేరు: ఒకటి నుంచి ఐదు తరగతులకు పేపర్ 1-బీ, పై తరగతులకు పేపర్ 2-బీ. 150 మార్కుల్లో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం రావాలి. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి అర్హతతో సరిపెట్టుకోకుండా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం మంచిది.

పోస్టులు నిజంగా వస్తాయా అన్న అనుమానం సహజమే. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ప్రత్యేక అవసరాల పిల్లలకు స్పెషల్ టీచర్ల నిష్పత్తిని ప్రకటించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో పది మంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున ఉండాలని ప్రకటించింది. 2025 మార్చిలో పోస్టులు గుర్తించి భర్తీ చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాతే మన రాష్ట్రం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులను మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. సీబీఎస్‌ఈ బడుల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న నిబంధన ఉంది, కేంద్రీయ విద్యాలయాలు కూడా తీసుకుంటున్నాయి.

నోటిఫికేషన్ వచ్చేలోపు చాలామంది ప్రైవేటు థెరపీ సెంటర్లలో చేరతారు. అనుభవం వస్తుంది, చేరండి. కానీ స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మీరు చేయకూడదు, వాటికి వేరే చదువు, వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి. "మీరే చేసేయండి మేడమ్, ఎవరు అడుగుతారు" అని యాజమాన్యం అంటే ఒప్పుకోకండి. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లకు తెలియని చేతులతో థెరపీ చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పిల్లను విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో కేజీహెచ్‌కో పంపి, వాళ్లు చెప్పినదాన్ని మీ ఐఈపీలో కలుపుకోండి.

రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) కార్యక్రమాలకు హాజరై వంద పాయింట్లు సంపాదించాలి. గుర్తింపు ఉన్న సదస్సులు, వర్క్‌షాపులకు ఏడాదికి ఇరవై పాయింట్ల చొప్పున వెళితే సరిపోతుంది. సర్టిఫికెట్ మీద మీ సీఆర్‌ఆర్ నంబర్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకుని, ఒక ఫైల్లో పెట్టుకుంటూ రండి.